నిమ్మకాయ దాటే చక్రం

రాజాంలో మా నాన్నకి హార్డ్‌వేర్ కొట్టు ఉంది. మేకుల దగ్గర్నుంచి మోటారు వాషర్ల దాకా అక్కడ దొరకనిది లేదు, ఒక్క మెత్తటి మాట తప్ప. నేను ఆ కొట్టులోనే పెరిగాను. మిగతా ఆడపిల్లలు గవ్వలతో ఆడుకుంటుంటే నేను నట్లూ బోల్టులూ ముందేసుకుని కూర్చునేదాన్నని మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతుంది. అది పొగడ్తో ఫిర్యాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ ఆటే ముదిరి మెకానికల్ ఇంజనీరింగ్ అయింది. చదువు పూర్తయ్యేసరికి తెలిసిందేమిటంటే, మెకానికల్ చదివినవాళ్లకి కూడా చివరికి దొరికేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. నాక్కూడా హైదరాబాదులో ఒకటి వచ్చింది. దసరా వెళ్లాక చేరాలి. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది సంగతి ఇది. ఇంట్లో అందరూ ఎగిరి గంతేశారు. నేను మాత్రం నోట్లో మైసూరుపాకు పెట్టుకుని కూడా మొహం మాడ్చుకునే కూర్చున్నాను. నాకు స్క్రూ బిగించడం ఇష్టం. ఇంక తిరగనని అది మొరాయించే క్షణం వేళ్లకి తెలుస్తుంది చూడండి, అది ఇష్టం. కీబోర్డు మీద ఆ సుఖం ఎక్కడుంటుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే మామ్మని వాళ్ల చెల్లెలింట్లో దింపడానికి శృంగవరపుకోట వెళ్లాను. ఆ ఇంటి మేడ మీద ఒక హైస్కూల్ సైన్సు మేడమ్ అద్దెకుండేది. నేను మెకానికల్ అని తెలియగానే ఆవిడ నన్ను తన స్కూలుకి లాక్కెళ్లి, బీరువాలోంచి ఒక రోబో బండి తీసి బల్ల మీద పెట్టింది. పెద్ద ఊరి నుంచి తెప్పించిన కిట్టు. పిల్లలే విడిభాగాలు బిగించి, నాలుగు చక్రాల బండి తయారుచేసి, రిమోట్‌తో నడిపించుకోవాలి.

"చూడమ్మా, ఎంత ముచ్చటగా ఉందో! కానీ గచ్చు మీద తప్ప నడవదు. మా వరండా గచ్చు ఎప్పుడో పెచ్చులూడిపోయింది. గ్రౌండులోకి తీసుకెళ్తే మొదటి రాయి దగ్గరే చతికిలబడుతుంది. పిల్లలు రెండు రోజులు చూసి వదిలేశారు," అంది. కిటికీలోంచి గ్రౌండు చూపించింది. కొండ వాలు మీద ఉన్న ఎర్రమట్టి నేల, నిండా గులకరాళ్లు. "ఇక్కడ నడిచే కిట్టు ఎవరైనా చేస్తే మా సైన్సు క్లబ్బుకి తీసుకుంటాను. నాకు తెలిసిన స్కూళ్లన్నిటికీ చెబుతాను."

"నేను చేస్తాను మేడమ్," అన్నాను. ఆలోచించి అన్న మాటేం కాదు. నాకు నోరు ముందు, బుర్ర వెనకాల.

"అయితే దసరా సెలవులిచ్చేలోగా తెచ్చి చూపించు," అందావిడ, నేను వెనక్కి తగ్గే వీలు లేకుండా.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పేశాను. ఉద్యోగానికి వెళ్లనని, కొట్టు వెనక ఖాళీగా పడున్న గదిలో కిట్లు చేసుకుంటానని. నాన్న మేకులు తూస్తున్నాడు. కాటా ముల్లు నిలబడేదాకా నా వైపు చూడలేదు.

"ఆ మేడమ్ తీసుకుంటానంటే గది నీదే. తీసుకోనంటే నోరు మూసుకోని రైలెక్కాల. మజ్జిలో ఏడుపులొద్దు, అలకలొద్దు. ఏటి?" అన్నాడు.

"సరే," అన్నాను. అంతే, ఒప్పందం అయిపోయింది. మా ఇంట్లో ఏదైనా ఇలాగే తేలుతుంది.

నాకు ఇనుముతో ఉన్న చనువు కరెంటుతో లేదు. అందుకని కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివిన నా స్నేహితురాల్ని పిలిపించాను. వాళ్లది శ్రీముఖలింగం. తరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం, వాళ్ల నాన్నగారు ఇంటి దగ్గర సంగీతం కూడా చెబుతారు. తను వైర్లకి టంకం పెడుతూ కూడా కూనిరాగం తీస్తుంది. మా ఇంట్లో దిగగానే మామ్మ ఆమెకి వేరే గ్లాసు, వేరే చాప తీసింది, పంతులుగారమ్మాయి అని. నాకు మాత్రం మామూలు తిట్లే.

ఇద్దరం కొట్టు వెనక గదిలో కూర్చుని ఫోనులో పార్టులు ఎంచడం మొదలుపెట్టాం. అప్పటికి రాజాం దాకా కొరియర్లు బాగానే వస్తున్నాయి. ఏం కావాలన్నా తెర మీద వేలితో నొక్కితే చాలు, నాలుగైదు రోజుల్లో బస్టాండు పక్క కొరియర్ ఆఫీసులో ఉంటుంది. ఆ సుఖమే మా కొంప ముంచింది. ఎక్కువమంది కొన్నవి ఏవో, ఎక్కువమంది మెచ్చుకున్నవి ఏవో చూసుకుని అవే ఎంచేశాం. పసుపు ప్లాస్టిక్ డబ్బాలో ఉండే చిన్న మోటార్లు, వాటికి సరిపోయే సన్న చక్రాలు, అద్దంలా మెరిసే యాక్రిలిక్ పలక. మోటారులో ఎక్కువ వేగం ఉన్నది కావాలని పట్టుబట్టింది నేనే. పిల్లలకి వేగం కావాలని నా వాదన. నిజానికి వేగం కావాల్సింది నాకే.

బండి తయారైన రోజు కొట్టులో నాపరాళ్ల మీద వదిలాం. సర్రుమని గల్లా కింద నుంచి దూరి, పెయింటు డబ్బాల చుట్టూ తిరిగి, సిమెంటు కొనడానికొచ్చిన ఒకాయన కాళ్ల మధ్య నుంచి బయటపడింది. ఆయన "ఓలమ్మ!" అని ఎగిరాడు. నేను గాల్లో తేలిపోయాను. ఇంక శృంగవరపుకోట బస్సెక్కడమే తరువాయి అనుకున్నాను.

"ఉండవే, ఏటా తొందర? కొత్త బండికి పూజ సెయ్యకుండా రోడ్డెక్కిస్తావేటి?" అంది మామ్మ.

"మామ్మా, ఇది బొమ్మంత ఉంది. దీనికి పూజేమిటి?"

"నాలుగు సక్రాలున్నాయా నేదా? అయితే బండే."

దీనికి ఎదురు చెప్పడానికి నా ఇంజనీరింగ్‌లో ఏమీ లేదు. శుక్రవారం పొద్దున్నే కొట్టు ముందు, రోడ్డు అంచున మట్టి మీద బండిని నిలబెట్టాం. మామ్మ యాక్రిలిక్ పలక మీద పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. హారతిచ్చింది. కొంగులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి నాలుగు చక్రాల ముందు పెట్టింది. మా వైపు కొత్త లారీ వచ్చినా, కొత్త స్కూటరు వచ్చినా ఇదే పద్ధతి. నిమ్మకాయల మీంచి బండి పోవాలి, కాయ చితికిపోవాలి, దానితో దిష్టి పోవాలి.

ఆ నిమ్మకాయలు చక్రాలతో సమానంగా ఉన్నాయి.

"కొంచెం చిన్నకాయలు తే మామ్మా," అన్నాను.

"బండి సిన్నదైతే దిష్టి సిన్నదయిపోద్దేటి?" అంది.

అప్పటికే బట్టల కొట్టు వాళ్లు, ఎరువుల కొట్టు వాళ్లు, ఎదురుగా టీ తాగుతున్నవాళ్లు చుట్టూ చేరారు. నా స్నేహితురాలు రిమోట్ నొక్కింది. బండి ముందుకి కదిలి, రెండు నిమ్మకాయల్ని దొర్లించుకుంటూ పోయింది. "బండి బంతాట ఆడతన్నాది!" అన్నారెవరో. మామ్మకి కోపమొచ్చింది. కాయలు ఏరి తెచ్చి, దొర్లకుండా మట్టిలోకి కొంచెం నొక్కి, మళ్లీ చక్రాల ముందు పెట్టింది. ఈసారి బండి కదల్లేదు. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, దుమ్ము లేస్తోంది, నిమ్మకాయ నిమ్మకాయలానే ఉంది. నేను రిమోట్ లాక్కుని గట్టిగా నొక్కాను, గట్టిగా నొక్కితే బలం వస్తుందన్నట్టు. లోపల కటకటమని పళ్లు విరుగుతున్న చప్పుడైంది. ఒక చక్రం తిరగడం మానేసింది. నలుగురూ నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీద మండాలో, మోటారు మీద మండాలో తెలియక మామ్మ మీద మండిపడ్డాను.

"ఇది నిమ్మకాయలు దాటడానికి చేసింది కాదు!" అని అరిచాను.

నాన్న గల్లా దగ్గర నుంచి లేవకుండానే అడిగాడు. "మరేటి దాటడానికి సేశావు?"

శృంగవరపుకోట గ్రౌండు కళ్ల ముందుకొచ్చింది. అక్కడి రాళ్లు ఈ నిమ్మకాయంతే ఉన్నాయి. కొన్ని ఇంకా పెద్దవి. ఆ నేల చూసి, మాటిచ్చి వచ్చి, ఇంట్లో నాపరాళ్ల మీద నడిచే బండినే మళ్లీ చేశాను. మేడమ్ బీరువాలో ఉన్నదానికి మాదానికి తేడా ఒక్క కుంకుమ బొట్టే.

ఆ పూట అన్నం తినకుండా గదిలో కూర్చున్నాను. నా స్నేహితురాలు ఓదార్చే రకం కాదు. తను గల్లా మీంచి ఒక నిమ్మకాయ తెచ్చి, ఆగిపోయిన చక్రం పక్కన నేల మీద పెట్టింది.

"చూడవే. ఇరుసు కంటే నిమ్మకాయే ఎత్తుగా ఉంది," అంది.

ఉంది మరి. ఇరుసు కంటే ఎత్తున్నదాన్ని చక్రం ఎక్కలేదు, గుద్దుకుంటుందంతే. మొదటి సంవత్సరం పాఠం అది. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆకలేసింది. మామ్మ దగ్గరకెళ్లి అన్నం పెట్టమన్నాను. ఆవిడ పెట్టింది, పప్పులో ఆ నిమ్మకాయల్లో ఒకటి పిండి మరీ.

అప్పటి నుంచి మాకు కొలబద్ద నిమ్మకాయే అయింది. ఏ పార్టు ఎంచాలన్నా, ఎంతమంది కొన్నారు, ఎంతమంది మెచ్చుకున్నారు అని చూడ్డం మానేశాం. నిమ్మకాయ దాటుతుందా అన్న ఒక్క ప్రశ్న పట్టుకున్నాం. చెబితే తేలిగ్గా ఉంది గాని, ఒకదాన్ని సరిచేస్తే ఇంకొకటి అడ్డం తిరిగేది. ముందు పెద్ద చక్రాలు తెప్పించాం, చుట్టూ గట్లు ఉన్న రబ్బరువి. నిమ్మకాయ పక్కన పెడితే ఇరుసు హాయిగా పైన ఉంది. తీరా బిగిస్తే పసుపు మోటార్లు వాటిని తిప్పలేక మూలిగాయి. చక్రం పెద్దదయ్యేకొద్దీ తిప్పడానికి బలం ఎక్కువ కావాలి, ఆ బలం ప్లాస్టిక్ పళ్ల వల్ల కాదు. కాబట్టి లోపల ఇనప పళ్లుండే మోటార్లు కావాలి. అవి ఒకే సైజులో రకరకాల వేగాల్లో ఉన్నాయి. వేగం ఎక్కువున్నదానికి బలం తక్కువ, బలం ఎక్కువున్నదానికి వేగం తక్కువ. నా వేలు అలవాటుగా వేగం వైపే పోయింది.

నా స్నేహితురాలు నా వేలు పట్టుకుని ఆపింది. "మా నాన్నగారి దగ్గరకి కొత్తగా పాట నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరూ నీలాగే ఉంటారు. రెండో కాలం, మూడో కాలం అంటూ పరుగు. ఆయన నెలల తరబడి మొదటి కాలంలోనే పాడిస్తారు. ముందు ఇది మొదటి కాలంలో నడవనీ," అంది.

"పిల్లలు నిద్రపోతారే."

"నిద్రపోతే లేపుదాం. ముందు నిమ్మకాయ దాటనీ."

అందరికంటే నెమ్మదైన మోటార్లే తెప్పించాం. బండి కదిలితే మామ్మ చూసి, "ఏటే, దీనికి పురుడొచ్చినట్టుంది, ఇలగ నడుస్తన్నాది?" అంది. నేను పళ్లు కొరుక్కున్నాను. కానీ మట్టిలో నొక్కిన నిమ్మకాయ ముందు చక్రం ఒక్క క్షణం ఆగి, రబ్బరు గట్టుతో దాన్ని పట్టుకుని, మెల్లగా పైకి లేచింది. ముందు చక్రాలు దాటాయి. నేను చప్పట్లు కొట్టేలోపు బండి పొట్ట నిమ్మకాయ మీద కూర్చుండిపోయింది, నాలుగు చక్రాలూ గాల్లో ఈత కొడుతున్నాయి.

పొట్ట ఎత్తాం. పలక కూడా మార్చాం, అద్దంలా మెరిసేది నాలుగో దెబ్బకే పగిలింది. కిటికీలు చేసేవాళ్ల దగ్గర మిగిలిపోయిన అల్యూమినియం ముక్కలు తెచ్చి కోసుకున్నాం. ఆ వారం నా చేతుల నిండా గీతలే. నిమ్మరసం తగిలితే ప్రాణం పోయేది, అయినా చాలా సంతోషంగా ఉన్నాను. హైదరాబాదు వెళ్లాల్సిన రోజు దగ్గర పడుతోందని గుర్తొచ్చినప్పుడు మాత్రం లేచెళ్లి కొట్టులో కేలండరు చూసొచ్చేదాన్ని.

శ్రీముఖలింగంలో తన ఇంటికి వెళ్లినప్పుడు బండిని వంశధార ఇసకలో కూడా వదిలాం. అప్పటికి మా దగ్గర రెండు జతల చక్రాలున్నాయి, ఎత్తుగా సన్నగా ఉన్నవి, వెడల్పుగా మెత్తగా ఉన్నవి. సన్నవి తిరిగినకొద్దీ ఇసకలోకి దిగబడి గోతులు తీసుకున్నాయి. వెడల్పువి పైపైనే పోయాయి. కానీ మలుపు తిరగాలంటే వెడల్పువి బరబరా ఈడ్చుకుంటూ మొండికేశాయి. బండి పొడుగు తగ్గించి ముందు వెనక చక్రాల్ని దగ్గరికి తెస్తే ఆ మొండితనం పోయింది. మేం ఏటి ఒడ్డున ఇసకలో మోకాళ్ల మీద పాకుతుంటే, వాళ్ల నాన్నగారు గుడి నుంచి వస్తూ ఆగి చూశారు. "ఇది ఏ రాగమమ్మా?" అని అడిగి నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఇంక ఒక్క చిక్కు మిగిలింది. నాలుగు చక్రాలూ బిర్రుగా ఒకే పలకకి బిగించినందువల్ల, ఒక చక్రం నిమ్మకాయ ఎక్కితే దాని పక్క చక్రాల్లో ఒకటి గాల్లోకి లేచేది. గాల్లో ఉన్న చక్రం తిరిగి లాభమేమిటి? స్ప్రింగులు పెడదామంటే పిల్లలు బిగించలేరు. రెండు రోజులు దాని గురించే గింజుకున్నాం. మేడమ్ దగ్గరకి వెళ్లాల్సిన గడువు నెత్తి మీదకొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం కొట్టు ముందు ఒక ట్రాక్టరు ఆగింది. దాని ఒక ముందు చక్రం రాళ్ల కుప్ప మీద ఎక్కి ఉంది, రెండోది గుంటలో ఉంది, అయినా ఇంజను మాత్రం నిమ్మళంగా, సమంగా నిలబడి ఉంది. చిన్నప్పటి నుంచి కొన్ని వందల ట్రాక్టర్లు చూసి ఉంటాను. ముందు ఇరుసు మొత్తం మధ్యలో ఒకే ఒక్క బోల్టు మీద ఊగుతుందన్న సంగతి ఆ రోజే నా కంటబడింది. రోడ్డు మీదే వంగి ట్రాక్టరు కిందకి దూరాను. ట్రాక్టరాయన నేనేదో పోగొట్టుకున్నాననుకుని నాతో పాటు వెతకడం మొదలుపెట్టాడు.

లేచి పరిగెత్తుకుంటూ వచ్చి నాన్న వెనక అరలో చెయ్యి పెట్టాను. నాన్న నా చెయ్యి తీసేశాడు.

"అటేపు నిలబడి అడుగు, అందరిలాగ."

గల్లా చుట్టూ తిరిగి రోడ్డు వైపుకెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఏమండీ, ఒక లావాటి బోల్టు, రెండు వాషర్లు, ఒక లాక్ నట్టు కావాలండీ," అన్నాను.

నాన్న కళ్లలో నవ్వు కనబడింది గాని మూతి కదల్లేదు. బోల్టుల పెట్టె మొత్తం తీసి నా ముందు పెట్టాడు.

"ఒక్కటి చాలు నాన్నా."

"ఒక్క బండే సేస్తావేటి?" అన్నాడు, ఇంకో బేరం వైపు తిరిగిపోతూ.

నేను ఆ పెట్టె పట్టుకుని గదిలోకి వచ్చేశాను. ఈ మనిషి నన్ను రైలెక్కించడానికి కాచుకుని ఉన్నాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ముందు ఇరుసుని ఆ బోల్టు మీద ఊగేలా బిగించాం. ఒక మూల నిమ్మకాయ ఎక్కినా మిగతా మూడు చక్రాలూ నేలని వదల్లేదు.

శృంగవరపుకోటకి ముగ్గురం వెళ్లాం, నేను, నా స్నేహితురాలు, నిమ్మకాయల సంచితో మామ్మ. చెల్లెల్ని చూడ్డానికని చెప్పింది గాని, చెల్లెలింటి గుమ్మం కూడా ఎక్కకుండా నేరుగా స్కూలుకే వచ్చింది. గ్రౌండులో సైన్సు క్లబ్బు పిల్లలందరూ గుండ్రంగా నిలబడ్డారు. మామ్మ తన పని తను చేసుకుపోయింది. పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు ఎర్రమట్టిలో నొక్కి. మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నవ్వితే బండి వెనక్కి తీసుకుని వెళ్లిపోదామనుకున్నాను, అంత భయంగా ఉంది.

బండి కదిలింది. చక్రం నిమ్మకాయని పట్టుకుంది, లేచింది, దాటింది. వెనక చక్రాలు కూడా దాటాయి. అక్కడ నుంచి గులకరాళ్ల మీంచి వాలు ఎక్కడం మొదలుపెట్టింది.

"దాటింది సరే, సితకనేదు," అంది మామ్మ, కాయల్ని చేత్తో తిప్పి చూస్తూ. బండి తేలిక కాబట్టి కాయలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. "సితక్కపోతే నెక్కలోకి రాదు."

మేడమ్ గొంతు ఇంకో వైపు నుంచి వినబడింది. "మరీ నెమ్మదిగా ఉందేమిటమ్మా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక పక్క మామ్మ, ఒక పక్క ఈవిడ. "మేడమ్, మీ బీరువాలో ఉన్నది వేగంగానే పోతుంది కదా, దాన్ని తెచ్చి ఈ వాలు ఎక్కించండి!" అనేశాను. అనేశాక నా స్నేహితురాలు నా చెయ్యి గిల్లింది. అయిపోయింది, ఇంక రైలే అనుకున్నాను. మేడమ్ మొహం గంభీరంగా పెట్టి బండి వైపు నడిచింది.

అక్కడ పిల్లలు బండి పక్కనే నడుస్తున్నారు. వేగంగా పోయేదైతే వెంట పరిగెత్తాలి, ఇది వాళ్ల నడకలోనే పోతోంది. కొందరు వంగి, కొందరు చతికిలబడి, కొందరు ఏకంగా మట్టి మీద పడుకుని దాని కిందకి చూస్తున్నారు. ఒకమ్మాయి జడ నేల మీద పడేలా తల వాల్చి, "మేడమ్, ఈ సక్రం ఎక్కినప్పుడు అది దిగతన్నాది సూడండి! మజ్జిలో బోల్టుంది! అందుకే పడిపోతనేదు!" అని అరిచింది. ఇంకొకమ్మాయి కాదంది. ఇద్దరూ వాదించుకున్నారు. బండిని ఆపించి, బోల్టు ఊపి చూసుకుని, మళ్లీ నడిపించమన్నారు.

మేడమ్ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి వాళ్ల పక్కన చతికిలబడింది. ఎంతసేపు అలా చూసిందో నాకు గుర్తులేదు, నాకైతే యుగంలా ఉంది. లేచి చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

"నీకు నోరెక్కువమ్మా. సెలవులయ్యేలోగా ఎన్ని చెయ్యగలవు?"

నా స్నేహితురాలు నా చెయ్యి మళ్లీ గిల్లింది. ఈసారి సంతోషంతో, కానీ అంతకంటే గట్టిగా. ఆ మచ్చ వారం రోజులుంది.

దసరా సెలవులంతా ఆ గదిలోనే గడిచాయి. కోతలు నేను, తీగలు తను, పెట్టెలు సర్దడం మామ్మ. నాన్న ఇచ్చిన పెట్టెలో బోల్టులు కిట్టుకొకటి చొప్పున తరుగుతుంటే చూడ్డం నాకు చెప్పలేనంత హాయిగా ఉండేది. హైదరాబాదుకి ఫోను చేసి, రావట్లేదని చెప్పాను. వాళ్లు మర్యాదగానే విన్నారు. ఫోను పెట్టేసి మళ్లీ కోతలకి కూర్చున్నాను.

సెలవులైపోయిన మర్నాడు కిట్లన్నీ ట్రాలీ ఆటోలోకి ఎక్కించాం. నేను ఉద్యోగంలో చేరాల్సిన రోజు కూడా అదే. డ్రైవరు బండి తియ్యబోతుంటే నాన్న "ఉండు" అన్నాడు. ఎవరి బండి పూజకీ గల్లా దిగని మనిషి, లేచి, చెప్పులేసుకుని, రోడ్డు మీదకొచ్చాడు. జేబులోంచి నిమ్మకాయలు తీసి ఆటో చక్రాల ముందు తనే పెట్టాడు. చక్రాలు మూడే కాబట్టి నాలుగో కాయ చేతిలోనే మిగిలింది.

ఆటో కదిలింది. చప్‌మని చప్పుడైంది. మామ్మ వంగి, మట్టిలో అతుక్కుపోయిన తొక్కల్ని ఒక్కొక్కటే చూసింది.

"ఇప్పుడు సితికింది," అంది.

నాకు ఏడుపాగలేదు. నాన్న మధ్యలో ఏడుపులొద్దన్నాడు గాని చివర్లో వద్దనలేదు కదా అని, బట్టల కొట్టు వాళ్లు, ఎరువుల కొట్టు వాళ్లు చూస్తుండగానే ఏడ్చేశాను. నాన్న మిగిలిన నిమ్మకాయని నా చేతిలో పెట్టి వెళ్లి గల్లా దగ్గర కూర్చున్నాడు.

"నీ గది తలుపు గడియ సరిగ్గా పడతనేదు. కొత్తది బిగించుకో. అటేపు నిలబడి అడుగు, ఇస్తాను," అన్నాడు.

కళ్లు తుడుచుకుని అటేపు నిలబడి అడిగాను. ఆ గడియ నేనే బిగించాను, ఒక్కో స్క్రూ ఇంక తిరగనని మొరాయించేదాకా.